ఊరు దిగిన ఏడాది

పట్నం,
మంచు పడకముందు.

అక్కా,

ఉత్తరం పొడుగ్గా ఉంటుంది. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి చదువు. బావ పక్కనుంటే ఆయనకీ వినిపించు. మీ అత్తగారికి మాత్రం నేను క్షేమమని చెప్పి వదిలెయ్, మిగతాది బావ చెప్పుకుంటాడు.

మీ ఊరి పైన, కొండ భుజం వెనక ఉన్న మంచు చెరువుని మా ఆఫీసువాళ్ళం మళ్ళీ కొలిచి వచ్చాం. అమ్మ పోయి నేను మీ ఇంటికి వచ్చిన కొత్తలో బావ నన్ను భుజాన ఎక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళాడు. అప్పుడది గొర్రెలు నీళ్ళు తాగే మడుగంత ఉండేది. ఇప్పుడు ఈ ఒడ్డున నిలబడి కేకేస్తే ఆ ఒడ్డుకి చేరదు. ఏటికేడు ఎండలు ముదిరి పైనున్న మంచు కరిగిపోతోంది, కరిగిందంతా అక్కడే చేరుతోంది. ఆ నీటిని ఆపుతున్నది ఎవరో కట్టిన కట్ట కాదక్కా, ఎప్పుడో మంచు తోసుకొచ్చి పడేసిన మట్టీ రాళ్ళ కుప్ప. అది తెగుతుంది. ఈ ఏడా, పదేళ్ళకా అని అడిగితే చెప్పలేను. తెగితే నీళ్ళదారిలో మొదట తగిలేది మీ ఊరే.

పైపులు వేసి కొంత నీరు దించేస్తాం. నీటిమట్టం పెరిగితే మోగేలా సైరన్ పెడతాం. అవన్నీ కాలు విరిగినవాడి చేతికి కర్ర ఇవ్వడం లాంటివి. ఊరే అక్కణ్ణుంచి దిగాలి. కిందకి వెళ్తే, వాగుకి బాగా ఎత్తున, దిగువ మెరక ఉంది కదా. నేల గట్టిది, ఊట ఉంది, కొండ జారే భయం లేదు. అన్నీ చూసే చెబుతున్నాను.

మావాళ్ళు వచ్చి మీటింగు పెడితే ఊరివాళ్ళు మర్యాదగా టీ ఇచ్చి పంపేస్తారు, నాకు తెలియదా? బావ చెబితే వేరు. ఊళ్ళో సగం గోడలు ఆయన చేతివే. ఆయన "దిగుదాం" అంటే ఊరు దిగుతుంది. అడుగుతావా?

నీ పొట్టి


పైఊరు,
మంచు మొదలయ్యాక.

పొట్టీ,

నీ ఉత్తరం బరువు చూసి టపా ఆయన, "ఏమ్మా, మీ చెల్లికి పెళ్ళి కుదిరినట్టుందే" అన్నాడు. నేనూ ఆ ఆశతోనే విప్పాను. తీరా చూస్తే చెరువు!

మీ బావకి వినిపించాను. మర్నాడు పొద్దున్నే రొట్టెలు మూట కట్టించుకుని పైకి వెళ్ళాడు. సాయంత్రానికి దిగొచ్చి, బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చున్నాడు. ఏమైందంటే, "పొట్టిది మనల్ని భయపెట్టడం ఇష్టంలేక తగ్గించి రాసింది" అన్నాడు. ఆ కుప్పలో ఒకచోట చెయ్యి పెడితే చెమ్మ తగిలిందట. గోడలు కట్టేవాడికి చెమ్మంటే ఏమిటో వేరే చెప్పాలా?

మీవాళ్ళు వచ్చారు. బళ్ళో అందరం చేరాం. మా అత్త ముందు వరసలో కూర్చుని, "నేను కాపురానికొచ్చేనాటికి ఆ చెరువే లేదు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, నిన్న పుట్టింది నన్ను లెమ్మంటుందా?" అంది. అంతా ఒకటే నవ్వు. గొర్రెల పెద్దాయన లేచి, "అంత ప్రమాదమైతే చెరువునే ఇంకోచోటికి మార్చండి సారూ, మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. మళ్ళీ నవ్వు. మీవాళ్ళ మొహాలు చూడలేకపోయాను.

అప్పుడు మీ బావ లేచాడు. "నేను కట్టిన గోడల సంగతి మీకందరికీ తెలుసు. ఆ నీళ్ళ ముందు నా గోడ ఒక్కటీ నిలవదు. నా నోటితో నేనే చెబుతున్నాను" అన్నాడు. తన పని నాసిరకమని తనే ఒప్పుకున్నట్టు తల దించుకుని కూర్చున్నాడు. ఆపైన ఎవరూ నవ్వలేదు.

కింద ఆయన ఏదో రాస్తానంటున్నాడు. కాగితం నలిపితే నా తప్పు కాదు.

అక్క

ఆఫీసరమ్మకి బావ వ్రాయునది: మీవాళ్ళు చూపించిన ఇళ్ళ బొమ్మలు చూశాను. రేకు కప్పులు, అప్పడాల్లాంటి గోడలు. వాటిలో పెడితే మా అమ్మ చలికి కాదు, సిగ్గుకి పోతుంది. రాతిగోడలు కావాలి, గుమ్మం ఎండ వచ్చే వైపు ఉండాలి. నేనే కడతాను. మీ శాఖవాళ్ళతో నువ్వు మాట్లాడు, వాళ్ళ భాష నాకు రాదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. ముందు ఊరు కడతాను, తర్వాత నీ పెళ్ళి సంగతి చూస్తాను. పారిపోకు.


పట్నం,
చలి మధ్యలో.

అక్కా, బావా,

రాతిగోడలకి ఒప్పుకున్నారు! మా పెద్ద ఇంజనీరు మొదట కాదన్నాడు. బావ రాసింది చదివి వినిపించాను, అప్పడాల దగ్గర నవ్వేశాడు. నవ్వినవాడు సంతకం పెట్టక చస్తాడా? మంచు విడవగానే పని మొదలు. మెరక మీద బడి, రెండు కుళాయిలు, అందరూ కూర్చోవడానికి ఒక షెడ్డు కూడా ప్లానులో ఉన్నాయి.

ఒకటే చిక్కు. కట్టుబడి పని వేరే శాఖ చూస్తుంది. నన్ను అవతలి కొండల్లో ఇంకో చెరువు కొలవడానికి పంపుతున్నారు. డేరాల్లో బతుకు. అక్కడా ఫోను పలకదు, మీకా ఎలాగూ లేదు, కాబట్టి మనకి ఈ ఉత్తరాలే గతి. బావా, నీ మేలు ఎప్పటికీ మర్చిపోను. పెళ్ళి సంగతి మాత్రం నువ్వు మర్చిపోవచ్చు.

పొట్టి


పైఊరు,
మంచు విడిచాక.

పొట్టీ,

ఇల్లు బోసిగా ఉంది. మీ బావ కిందే ఉంటున్నాడు, ఊళ్ళో సగంమంది మగవాళ్ళతో కలిసి. వారానికోసారి పైకొచ్చి, బట్టలు మార్చుకుని, వాళ్ళమ్మతో ఒక పోట్లాట వేసుకుని దిగిపోతాడు. మా అత్త ఇంకా రానంటోంది కానీ, "నా గది కిటికీ ఎటువైపు పెడుతున్నాడో అడుగు" అని నాతో చెప్పించింది. ఆయనతో చెబితే గోడకేసి తిరిగి నవ్వుకున్నాడు.

ఈసారి మంచు తొందరగా విడిచింది. కింద మరీ ఎండగా ఉందట. మీ బావ మొహం నల్లగా మాడిపోయింది. చేతులనిండా దద్దుర్లు.

అక్క

మరదలికి: కింద దోమలనే కొత్త చుట్టాలు వచ్చారు. పుట్టి బుద్ధెరిగాక మన కొండల్లో వీటిని చూడలేదు. అచ్చం మీ ఆఫీసువాళ్ళే, చెవి దగ్గర తియ్యగా పాట పాడి మరీ కుడతాయి. గోడలు మాత్రం దివ్యంగా లేస్తున్నాయి. వచ్చి చూస్తే నీ కళ్ళు చెదురుతాయి.


అవతలి కొండలు, డేరా నుంచి,
ఎండలు.

అక్కా,

కట్టుబడి శాఖవాళ్ళు గోడల ఫోటోలు పంపారు. మా డేరాలో అందరికీ చూపించి, "మా బావ కట్టాడు" అని చెప్పుకున్నాను. ఏ రాయి ఏ రాయి మీద కూర్చోవాలో వాటికే తెలిసినట్టుంది. ఇంకో మూడు ఊళ్ళవాళ్ళు ఆ ఇళ్ళు చూసి మాకూ అలాంటివే కావాలన్నారట.

బావా, దోమల్ని మా ఆఫీసువాళ్ళతో పోల్చావని మా ఇంజనీరుకి చెప్పాను. "కుట్టాక ఫారం నింపమని అడిగితే అవి మావాళ్ళే" అన్నాడు. డేరా అంతా కడుపుబ్బ నవ్వుకున్నాం.

కప్పులు ఎప్పుడు వేస్తున్నారు? చలికి ముందే అందరూ దిగిపోవాలి, మర్చిపోకండి.

పొట్టి


కొత్త ఊరు,
గడ్డి కోతలయ్యాక.

చెల్లికి,

అందరం దిగాం. కప్పులు పడ్డాయి. గోడలు బాగున్నాయి. కుళాయిల్లో నీళ్ళు వస్తున్నాయి. మా అత్త కూడా దిగింది, ఎవరూ బతిమాలకుండానే.

నువ్వు అడిగినవన్నీ అయ్యాయి.

అక్క


అవతలి కొండలు,
మళ్ళీ చలి.

అక్కా,

నీ ఉత్తరం చూసి సంతోషపడాలో బెంగపడాలో తెలియలేదు. నాలుగు ముక్కలు రాశావు. నన్ను "పొట్టీ" అనలేదు. కింద బావ గీతలు లేవు. నేను రాలేదని అలిగాడా? ఊరు దిగాక నీ పెళ్ళి చూస్తానన్న మనిషి, ఒక్క సంబంధం కూడా పంపలేదేం?

పైఊరు వదలడం నీకు ఎంత కష్టంగా ఉందో నేను ఊహించగలను. నా వల్లే కదా అని నిష్ఠూరంగా ఉంటే ఉండు. తిట్టు, పడతాను. కానీ ఇలా చుట్టాలకి రాసినట్టు రాయకు. సెలవు దొరికింది. దారులు మూసుకోకముందే వస్తాను. బావకి గొంతుకి చుట్టుకునే ఉన్ని గుడ్డ ఒకటి కొన్నాను.

పొట్టి


కొత్త ఊరు,
గట్టి చలి.

చెల్లికి,

మీ బావ లేడు. గడ్డి కోతలకి ముందే పోయాడు.

మొదటిసారి జ్వరంతో పైకి వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి గడగడా వణుకుతున్నాడు. ఎండదెబ్బ అని మా అత్త కంబళ్ళు కప్పింది. తగ్గింది. తగ్గిందిగా అని దిగిపోయాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది. ఒకరోజు వణుకు, ఒకరోజు నవ్వు. మాకు తెలిసిన జ్వరానికి దగ్గు ఉంటుంది, ఛాతీ పడుతుంది. ఇదేమిటో మాకెవరికీ అంతుపట్టలేదు. చివరికి ఒకరోజు మాట తడబడింది, నన్ను వాళ్ళమ్మ అనుకుని పిలిచాడు. మంచం మీద వేసుకుని రోడ్డు దగ్గరి ఆసుపత్రికి మోసుకెళ్ళాం. నర్సు రక్తం చూసి, "ఇది దోమజ్వరమమ్మా. మైదానాల్లో వచ్చేది. ఇంత ఎత్తులో మేమెప్పుడూ చూడలేదు. కాస్త ముందు తెస్తే మాత్రలతో పోయేది" అంది. మధ్యాహ్నం పోయాడు. వరండాలో ఎవరో టీ తాగుతూ మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి, ఆయన ఆఖరిమాట లేదు.

గోడలు తడపడానికి తవ్విన నీటిగుంటల్లోనే దోమలు పుట్టాయట. ఆయన తవ్వించిన గుంటలే.

నీళ్ళు కొలిచారు. నేల చూశారు. కొండ జారుతుందా లేదా అని చూశారు. ఎండలు ముదిరితే మంచు కరుగుతుందని అంత ముందే తెలుసుకున్నవాళ్ళకి, దోమ కొండెక్కుతుందని ఒక్కరికీ తోచలేదా? మీ ప్లానులో బడి ఉంది, కుళాయిలు ఉన్నాయి, షెడ్డు ఉంది. స్మశానం లేదు. ఆయన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గొర్రెల పెద్దాయన ఒక మూల చూపించి, "ఇక్కడ ఎండ తగులుతుంది" అన్నాడు. ఇంకా ఎవరూ కాపురం పెట్టని ఊళ్ళో మొదట స్థిరపడింది ఆయనే.

జ్వరంలో ఉండగా, "పొట్టిదానికి రాయకు, పని ఆపించేస్తుంది, చలికి ముందు కప్పులు పడాలి" అన్నాడు. అందుకని రాయలేదు. పోయాక కట్టుబడి శాఖవాళ్ళు నీకు కబురు చేస్తామంటే, వద్దు, నేనే రాస్తానన్నాను. రాయలేదు. దానికి కారణం ఆయన మాట కాదు, నా కోపం. అడగమన్నది నువ్వు. అడిగింది నేను. ఎవరి మీద కోపం ఎక్కువో తేలక కలం ముట్టలేదు.

రావద్దు. వస్తే నిన్ను పట్టుకుని ఏడుస్తానో, గుమ్మంలోంచే పొమ్మంటానో నాకే తెలియదు. ఊరందరి ముందూ ఆ రెండూ నేను చెయ్యలేను.

అక్క


అవతలి కొండలు.

అక్కా,

చాలా కాగితాలు రాసి చించేశాను. ఏది రాసినా నా తరఫున నేను వాదించుకుంటున్నట్టే ఉంది.

ఆయన దోమలని రాస్తే నేను నవ్వాను. పదిమందికి చెప్పి నవ్వించాను. వాటిలో పొంచి ఉన్నదేమిటో డేరాలో ఉన్న అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

నాన్న మొహం నాకు గుర్తు లేదక్కా. నాన్న అనుకోగానే నాకు గుర్తొచ్చేది బావ మెడ, నేను పట్టుకుని వేలాడిన మెడ, దాని మీద అంటుకున్న తడి సున్నం వాసన. ఇది నీ దుఃఖం ముందు చెప్పుకునే మాట కాదు. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇంటింటికీ దోమతెరలు పంపుతున్నాను. నర్సు దగ్గర మాత్రలు ఎప్పుడూ ఉండేలా మాట్లాడాను. గుంటలు పూడ్పించమని శాఖకి రాశాను. అన్నీ పుణ్యకాలం కాస్తా గడిచాక చేసే పనులే. రావద్దన్నావు, రాను. నువ్వు రమ్మనేదాకా రాను.

నీ చెల్లి


కొత్త ఊరు,
ఎండలు తగ్గుముఖం పట్టాక.

చెల్లికి,

చలంతా, వేసవంతా నీకు రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు. చెరువు తెగింది.

ఆఫీసు ద్వారా నీకు తెలిసే ఉంటుంది. అయినా నా నోటి నుంచి వినాలి.

ఈ ఏడు గొర్రెలు తోలుకుని పైకి వెళ్ళినవాళ్ళు పాత ఇళ్ళు ఊడ్చుకుని అక్కడే ఉండిపోయారు. "ఏడాది తిరిగింది, ఏవమ్మా ఆ నీళ్ళు?" అని నా ముందే అన్నారు. నాకు కోపం రాలేదు. నాకూ అదే అనిపిస్తుండేది. రాని నీళ్ళకోసమా ఆయన్ని పోగొట్టుకున్నాను అని. మా అత్తా నేనూ కూడా వచ్చే వారం పైకెళ్ళి మన ఇంట్లో నాలుగు రోజులు ఉండొద్దామని మూట కట్టుకున్నాం.

పొద్దున సైరన్ మోగింది. ముందు ఎవరూ కదల్లేదు, గాలికి మోగిందేమో అనుకున్నాం. తర్వాత కొండ లోపల బండరాళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు. పైనున్న మంచులో ఓ పెద్ద చరియ విరిగి చెరువులో పడిందట, ఆ తోపుకి రాళ్ళకుప్ప కొట్టుకుపోయింది. మెరక అంచున నిలబడి చూశాం. లోయంతా నల్లటి బురద. దూలాలు వస్తున్నాయి, తలుపులు వస్తున్నాయి. ఎవరి తలుపో పోల్చుకుంటున్నారు జనం. మన తలుపు నేను పోల్చుకోలేకపోయాను. పోల్చుకోకపోవడమే నయమైంది.

పైనున్నవాళ్ళు సైరన్ వినగానే గొర్రెల్ని వదిలేసి వాలు ఎక్కేశారు. చుట్టూ తిరిగి, రెండు రోజులకి అందరూ ఇల్లు చేరారు. ఒక్క ప్రాణం పోలేదు. మెరక తడవనైనా లేదు.

ఊరు ఊరంతా మా గుమ్మంలోకి వచ్చింది. నా చేతులు పట్టుకుని ఏడ్చారు. "నీ మొగుడు మమ్మల్ని బతికించాడమ్మా" అన్నారు. నేను లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. వాళ్ళ తప్పేం లేదు. అందరూ బతికారు. ఆ అందరిలో ఆయన లేడు. దిగకపోతే ఆయనా పోయేవాడే, నేనూ పోయేదాన్నే, నాకు తెలియక కాదు. తెలిసిన మాట మనసుకి ఎక్కడం లేదు.

మా అత్త మాత్రం నీళ్ళు తగ్గేదాకా అంచునే నిలబడింది. "వాడన్నట్టే ఒక్క గోడా నిలవలేదు" అంది. తర్వాత వెనక్కి తిరిగి ఈ ఇంటి గోడ మీద చెయ్యి వేసి, దాన్ని పట్టుకునే మెల్లగా లోపలికి నడిచి వచ్చింది.

దోమతెరలు అందాయని అప్పుడు రాయలేదు. అందాయి. "నన్ను వలలో చేపలా కడతారా" అని గొడవ చేసిన మా అత్త ఇప్పుడు తెర దించకపోతే పడుకోదు.

అక్క


అవతలి కొండలు,
డేరా.

అక్కా,

నీ ఉత్తరం చదివి, మా వాళ్ళందరూ సంబరపడుతున్న చోట ఉండలేక బయటికి వచ్చేశాను. "మనం గెలిచాం" అంటున్నారు.

ఇక్కడ నేను కొలిచిన చెరువు కింద కూడా ఒక ఊరుంది. మీ దానికంటే ఇరుకు లోయ. చెరువు మరీ నిండుగా ఉంది. వాళ్ళని దింపే పని నాకప్పగించారు. నిన్న వెళ్ళాను. ఊరిముందు నిలబడి నోరు తెరిచాను, మాట రాలేదు. వెనక గోడ దగ్గర ఒకాయన తాపీ కడుక్కుంటూ నావైపే చూస్తున్నాడు. ఆయన్ని చూశాక ఇంక అక్కడ నిలబడలేకపోయాను. ఏవో కాగితాలు వాళ్ళ చేతికిచ్చి వచ్చేశాను.

ఈ పని ఇంక నా వల్ల కాదు. రాజీనామా రాసి పెట్టుకున్నాను. వారం పదిరోజుల్లో ఇచ్చేస్తాను. ఎవరైనా గట్టివాళ్ళు వస్తారు.

నీ చెల్లి


నువ్వు మాట్లాడలేకపోయిన ఊరు,
మళ్ళీ మంచు పడేలోపు.

పొట్టీ,

పై వరస చూసి ఉలిక్కిపడకు. నీ ఉత్తరం అందిన మర్నాడే బయలుదేరాను. బస్సు, ఆపైన నడక. నీ డేరా ఎక్కడో దారిలో అడిగితే చూపించారు. దూరం నుంచి చూసి, ఇటు తిరిగి నేరుగా ఊళ్ళోకి వచ్చాను. ముందు నీ దగ్గరికి వస్తే ఇద్దరం ఏడుస్తూ కూర్చునేవాళ్ళం, పని జరిగేది కాదు.

కుళాయి దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుంటున్నారు. ఎవరి తాలూకు అని అడిగారు. ఊరు కొట్టుకుపోయినదాన్ని అన్నాను. బిందెలు దించి కూర్చున్నారు.

చెరువు సంగతి ముందు చెప్పలేదు. జ్వరం సంగతి చెప్పాను. కొత్త ఊరు కట్టేటప్పుడు నీటిగుంట తవ్వితే మూత వెయ్యండి, లేదా పని కాగానే పూడ్చండి అన్నాను. ఎంత ఉక్కపోసినా తెర లేకుండా పడుకోవద్దన్నాను. ఒకరోజు వణికి ఒకరోజు నవ్వే జ్వరం వస్తే, నవ్విన రోజున మోసపోకండి, ఆ రోజే మోసుకెళ్ళండి అన్నాను. స్మశానానికి చోటు ఆఫీసువాళ్ళు చూడరు, మీరే చూసుకోండి అన్నాను. ఆ తర్వాత మా లోయలో దూలాలు ఎలా వచ్చాయో చెప్పాను. సాయంత్రానికి మగవాళ్ళు కూడా చేరారు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు వణికింది, రెండోసారి వణకలేదు. అందుకు నామీద నాకే కోపం వచ్చింది.

చంటిపిల్లని ఎత్తుకున్న ఒకమ్మాయి అంతా విని, "అక్కా, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. మీ ఆయన పోతాడని ముందే తెలిస్తే దిగుదామని అడిగేదానివా?" అంది. పక్కనున్నవాళ్ళు దాని మోచెయ్యి గిల్లారు. గిల్లొద్దన్నాను.

అడిగేదాన్ని అనడానికి నాకు నోరు రాలేదు పొట్టీ. అడిగేదాన్ని కాదు అనడానికీ రాలేదు. దాని ఒళ్ళోని పిల్ల తల నిమిరాను. చివరికి, "మీరు దిగండమ్మా" అన్నాను.

ఇంకా ఎవరూ సరే అనలేదు. నన్ను వెళ్ళమనీ అనలేదు. ఒక్కొక్కరు వచ్చి అడిగిందే మళ్ళీ అడుగుతున్నారు. ఏ నేల గట్టిది, పైపులు ఎన్నాళ్ళు ఆపుతాయి, ఇళ్ళు ఎవరు కడతారు అంటున్నారు. అవేవీ నాకు తెలియవు. రేపు మా చెల్లెలొచ్చి చెబుతుందని అందరితోనూ అనేశాను. ఆ రాజీనామా కాగితం ఇంకా నీ దగ్గరే ఉంటే పొయ్యిలో పడెయ్.

గొర్రెలు తోలుకెళ్ళేవాడి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను, సాయంత్రానికి నీకు చేరుతుంది. నీ మీద కోపం పూర్తిగా పోలేదు. పోయాక పిలుద్దామంటే అదెప్పటికో. అది ఉండగానే రా.

అక్క